గునుగు నీ ఇంటి ముంగటనే ఉన్నదే!

బుడ్డీ,

ఎట్లున్నవే? నీ ఉత్తరానికి జవాబియ్యక రెండు నెలలైంది. తిట్టుకో, కానీ ఇది చదివినంక తిట్టుకో. అమ్మ మోకాలు నయమే, చిన్నోని పరీక్షలు ఒడిసినయి, మేడ మీది ట్యాంకు మళ్ళ కారుతున్నది. గంతే వార్తలు. ఇగ అసలు సంగతి కడుపుల ఆగుతలేదు, చెప్తున్న.

"డల్లాస్‌ల బతుకమ్మకు గునుగు పువ్వు ఏడ దొరుకుతదే, బంతి చామంతితోనే కానిస్తా" అని ఏడ్సినవు గద. అదే ఉత్తరంల కింద ఏం రాసినవో చూసుకో. ఆకురాలు కాలమొచ్చిందని దుకాణాల ముంగట గుమ్మడికాయలు, చామంతి కుండీలు పెట్టిన్రని, పక్కన "ఈకల లెక్క ఎర్రగ, పచ్చగ నిలబడ్డ ఏవో పూలు" ఉన్నయని. ఆ ఏవో పూలే గునుగు! సెలోసియా అంటరు. మన చెల్కల పత్తి నడుమ మొలిచే గునుగుకు పుస్తకంల పేరు సెలోసియా అర్జెంటియా. నీ ఈకల పువ్వు దాంట్లకెంచి వచ్చిన తోట రకమే, కోడిజుట్టు పువ్వు సుత అంతే. మనోళ్ళు కలుపని పీకి గట్టు మీద పారేసేదాన్ని మీరు డాలర్లు పెట్టి కొంటున్రు. నవ్వాలెనో ఏమో.

ఇంకో రకం దొరికితే ఇడిసిపెట్టకు. సన్నగ కంకి లెక్క ఉంటది, కొన గులాబి, కింద వెండి తెలుపు. అది అచ్చం మన గునుగే. ఈకల రకం మాత్రం మెత్తగ ఉంటది, బరువు పడితే మెడ వాలుస్తది. అందుకని ఒక్కొక్కటి పేర్చకు. నాలుగైదు కలిపి తలలు సమం చేసి, మెడకాడ నూలు దారం రెండు చుట్లు చుట్టి, కాడలు మూడంగుళాలకు కోసెయ్. రంగద్దే పని లేనే లేదు, రంగు తెల్ల గునుగుకే. కెమిస్ట్రీ మేడం ముంగట నీలి చేతులు ఎనకకు దాసుకునే బాధ నీకు తప్పింది (మేడం ఏమన్నదో ఇక్కడ రాయ). ఒకవేళ తెల్లవి దొరికి అద్దుతనంటే, కొనలే ముంచు, దులిపి, తలకిందులుగ రెండు గంటలు ఆరెయ్యి. తడి మీద పేరిస్తే రంగంత కింది పచ్చ పూల మీదికి కారుతది.

తంగేడుకు మాత్రం జోడు లేదే. తెలంగాణ రాష్ట్ర పుష్పమాయె, ఊకెనే దొరుకుతదా? అడుగు వరుసకు పచ్చ చామంతి పెట్టి సరిపెట్టుకో. అడుగున గుమ్మడాకు బదులు అరటాకు పరుచు. ఫ్రీజర్ల అమ్మేదైతే ముందు కరగనిచ్చి, తుడిచి, ఆరబెట్టు, లేకుంటే పళ్ళెం మీద జారుతది.

ఇప్పుడు పేర్చుడు. నిరుడు నువ్వు పంపిన ఫొటోల బతుకమ్మ ఎడమకు ఒరిగింది చూడు, అది నీ చెయ్యి తప్పు కాదు, కడుపు తప్పు. అంటే బతుకమ్మ కడుపు! అందరు బయటి వరుస మీదనే కండ్లు పెడ్తరు. లోపల ఆకులు వదులుగ కుక్కితే, గంటల అవి వాడి నీరిడిసి కుంగుతయి, పైన బరువు ఎటు ఎక్కువుంటే అటు ఒరుగుతది. కాబట్టి ప్రతి వరుస కాంగనే, కోసిన కాడలు, చామంతి ఆకులు అంగుళం ముక్కలు చేసి నడుమ నింపి, అరచేతితోని గట్టిగ అదుము. వరుస ఎత్తుకు లోపల సమంగ వచ్చిందాంక నింపాలె. ఆకు ఒక్కటే వద్దు, సగం కాడలుండాలె. కాడలు కుంగవు.

పూల తలలు బయటికి, కాడలు నడుమకు. ప్రతి వరుస కింది దానికన్న అర అంగుళం లోపలికి. పన్నెండు అంగుళాల తాంబాలంల అడుగు వరుస పది అంగుళాలకే ఆపు, అంచు మీదికి పోతే ఎత్తేటప్పుడు వేలు తాకి ఊడుతది. లెక్క కావాల్నంటే, రెండంగుళాల బంతి అడుగు వరుసకు పదహారు పడ్తయి, పైకి పోయిన కొద్ది ఒకటో రెండో తగ్గుతయి, ఎనిమిది వరుసలకు ఎనభై దాకా. నడుమ నడుమ గునుగు వరుసలు పెడితే అందులకెంచి తీసెయ్. ఎత్తు అడుగు వెడల్పుకన్న జర ఎక్కువ, గంతే. ఆశపడి రెండింతలు చేసినవో... హాస్టల్ మెట్లకాడ ఏమైందో యాది చేసుకో.

రెండు వరుసలకోసారి దారం చుట్టు. పిన్నులొద్దు, పూలు గుచ్చే ఆ పచ్చ ఫోమ్ ముక్క అసలే వద్దు. నీళ్ళల్ల కరగదది. మీ చెరువుల ఇడుసుడుకు పర్మిషన్ అడుగాలె, ఇయ్యకుంటే పెద్ద టబ్బుల ఇడిచి, దారం తీసి, పూలు చెట్ల మొదట్ల వెయ్.

పూల తల మీద నీళ్ళు చల్లకు, చామంతి రెక్కలు మచ్చలు పడి నల్లబడ్తయి. కోసిన పూల కాడలు మాత్రం నీళ్ళల్ల మునిగేటట్టు రాత్రంత బకీట్ల పెట్టు, పేర్చే ముందు కాడలు తుడువు.

బతుకమ్మ మీద తమలపాకుల పెట్టే పసుపు ముద్ద గౌరమ్మకు పసుపు నాలుగు చెంచాలు. నీళ్ళు చుక్క చుక్కగ, చేతికి ముద్దయిందాంకనే. పలచనైతే తమలపాకు మీదికెంచి జారి గునుగుల కూసుంటది.

అయ్యో, ఎంత రాసినా ఒడుస్తలేదు. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలు, తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మ, ఆరో నాడు అలిగిన బతుకమ్మ, ఆనాడు పేర్చొద్దు, మరువకు. తొమ్మిది దినాలు పేర్చే తీరిక నీకేడిది, సద్దుల నాడు ఒక్కటి నిండుగ చెయ్.

దసరా సంగతి. బంగారమని పంచుకునే జమ్మాకు కవర్ల పెట్టి పంపుదామంటే ఆకులు, గింజలు సరిహద్దుకాడ ఆపుతరట. మరి జమ్మి ఇచ్చి కౌగిలించుకునే మన అలయ్ బలయ్ ఎట్ల? అందుకే బంగారం బదులు నాన్‌ఖటాయి బిస్కెట్లు. ఆనాడు నువ్వక్కడ, నేనిక్కడ ఒకటే కొలతతోని చేసి, ఫోన్ల ముఖాలు చూసుకుంట తిందాం. రాసుకో: మైదా కప్పు, శనగపిండి పావు కప్పు, బొంబాయి రవ్వ రెండు పెద్ద చెంచాలు, చక్కెర పొడి అర కప్పు, నెయ్యి అర కప్పు, బేకింగ్ పౌడర్ పావు చిన్న చెంచా, ఇలాచి, ఉప్పు చిటికెడు.

నెయ్యి పేరుకున్నదే కావాలె. కరిగిందైతే బిస్కెట్లు పరుచుకొని అప్పాలైతయి. నెయ్యి, చక్కెర తెల్లగ నురుగు వచ్చిందాంక గిలకొట్టి, పిండి జల్లించి కలుపు. పిసుకకు, దగ్గరికి తీస్తె చాలు, చపాతీ పిండి లెక్క పిసికితే రాయైతది. పగుళ్ళు మరీ ఎక్కువైతే చెంచ పాలు. నిమ్మకాయంత ఉండలు జర ఒత్తి, పైన నువ్వులు అద్ది, రెండంగుళాల ఎడంతోని పెట్టు. మీ ఓవెన్ల 340 డిగ్రీల ఫారెన్‌హీట్, పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. అడుగు అంచు ఎర్రబడంగనే తియ్యి. పైన తెల్లగనే, మెత్తగనే ఉంటది, ఉడకలేదని మళ్ళ పెట్టకు. సల్లారినంకనే గట్టిపడ్తది. వేడి మీద ఎత్తితే పొడి పొడి.

నాకు ఓవెన్ లేదు గద, కుక్కరే. రబ్బరు, విజిల్ తీసి, అడుగుల రెండు కప్పుల ఉప్పు, దాని మీద స్టాండు, పది నిమిషాలు వేడిచేసి, పళ్ళెం పెట్టి సన్న మంట మీద ఇరవై నిమిషాలు. ఉప్పు లేకుంటే అడుగు మాడుతది. స్టాండు పొట్టిదైనా మాడుతది. రాస్తున్నంత సేపు రెండో వాయి పొయ్యి మీదనే...

ఓ బుడ్డీ, వాసనొస్తున్నదే! బావకు నమస్తే చెప్పు, ఉంట