ఎనిమిదో క్లాసు సోషల్‌లో మన ఊరు ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న స్లిప్ టెస్టుకి ముందు రాత్రి "రంప తిరుగుబాటు 1922–24, రంప తిరుగుబాటు 1922–24" అని ఎక్కాలు చదివినట్టు చదువుతూ గదంతా తిరుగుతోంది. దాన్ని నడిపిన అల్లూరి సీతారామరాజు ఎక్కడ పుట్టాడే అని అడిగాను. "అది బిట్లలో లేదమ్మా" అంది. ఆయన పుట్టిన పాండ్రంగి మన విశాఖ జిల్లాలోనే, పద్మనాభం మండలంలో ఉందంటే నమ్మలేదు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నం వేళకి ఇంటికి వచ్చేయొచ్చు, అంత దగ్గర. ఆ ఆదివారమే తీసుకెళ్లాం.

దారిలో పద్మనాభం దగ్గర ఆగాం. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది అక్కడే. కంపెనీ అడిగిన కప్పం దగ్గర వచ్చిన తగువు అది. తర్వాత నూరేళ్లు దాటాక, 1897లో అదే మండలంలో సీతారామరాజు పుట్టాడు. ఇవన్నీ మా పిల్లకి చెబుతుంటే అది అడిగిన మొదటి ప్రశ్న "వాళ్లకి అంత కోపం ఎందుకొచ్చింది?" అని. సంవత్సరం అడగలేదు. పుస్తకం వదిలేసిన ప్రశ్న పిల్ల దానంతట అదే అడిగింది, నాకు చాలా ఆనందమేసింది.

ఎందుకొచ్చిందో చెప్పడానికి కథ ఉంది కదండీ. 1882 అటవీ చట్టం తర్వాత మన్యంలో పోడు, అంటే అడవి కొట్టి చేసుకునే సాగు, చేసుకోనివ్వలేదు, తాతల నాటి నుంచి తిరిగిన అడవిలో కట్టెపుల్ల ఏరుకున్నా నేరమే. పైగా రోడ్డు పనికి బలవంతంగా తోలి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగ్గా ఇవ్వకుండా పీడించాడు. అందుకే 1922 ఆగస్టు 22 నుంచి వరుసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. పట్టుకెళ్లిన తుపాకుల లెక్క రాసి, సంతకం పెట్టి మరీ సీతారామరాజు వెళ్లాడంటారు. ఇలా చెబితే పదమూడేళ్ల పిల్లకి 1922 మరిచిపోదామన్నా పోదు. రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన తేదీ మాత్రం పరీక్ష పేపరు ఇచ్చేసి వచ్చేలోగానే పోతుంది.

స్టీల్ ప్లాంటు సంగతీ అంతే. 2021 జనవరిలో ప్రైవేటుకి అమ్మాలని కేంద్రం నిర్ణయించాక కూర్మన్నపాలెం దగ్గర దీక్షా శిబిరం పెట్టారు, మా పిల్లలు దాన్ని చూస్తూనే పెరిగారు. కానీ 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థులు తరగతులు వదిలి రోడ్డెక్కారని, టి. అమృతరావు ఇక్కడే నిరాహార దీక్ష చేశారని, నవంబర్ 1న ఈ ఊళ్లో పోలీసు కాల్పులు జరిగాయని, ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయని, చివరికి 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారని ఎంతమంది పిల్లలకి తెలుసు? మా అపార్ట్‌మెంటు పిల్లల్ని అడిగాను. ఒక్కరికీ తెలీదు. వాళ్లలో ఇద్దరి తాతలు ఆ ప్లాంటులోనే పనిచేసి రిటైరయ్యారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వీధి మలుపులో లైటు వెలగక రెండు నెలలైంది, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు భయపడుతున్నారు. సివిక్స్ పాఠంలో స్థానిక సంస్థల గురించి పది మార్కుల జవాబు రాసిన మా పిల్లే "ఎవరికి చెప్పాలమ్మా?" అని నన్నడిగింది. వార్డు సచివాలయానికి అర్జీ రాద్దామన్నాను. నలుగురు పిల్లలు కూర్చుని మూడుసార్లు చించి రాశారు. ఎవరికి రాయాలి, స్తంభం నంబరు వేయాలా, తేదీ ఎక్కడ వేయాలి, అన్నీ సందేహాలే. వెళ్లి ఇచ్చి రసీదు తీసుకున్నారు. లైటు వెలగడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది, రెండోసారి వెళ్లి అడగాల్సొచ్చింది, అయినా ఆ రసీదు మా పిల్ల సోషల్ నోట్సులో అతికించుకుంది.

స్కూల్లో రాజకీయాలు ఎందుకండీ అని కొందరు తల్లిదండ్రులే అంటారు. పార్టీల సంగతి నేను అడగడం లేదు. మన కార్పొరేషన్‌లో 98 వార్డులున్నాయి, 2012లో పాలకవర్గం గడువు తీరాక మళ్లీ 2021 మార్చి దాకా ఎన్నికలే జరగలేదు, అంటే తొమ్మిదేళ్లు మనకి కార్పొరేటరే లేడు. ఇది ఏ పార్టీ ప్రచారమూ కాదు, మన ఊరి చరిత్ర. 61వ సవరణతో 18 ఏళ్లకే ఓటు వచ్చింది కాబట్టి ఇంకో ఐదేళ్లలో వీళ్లు ఓటేస్తారు, మరి వార్డంటే ఏమిటో ఎప్పుడు నేర్చుకుంటారు? సర్కారు బళ్లలో విద్యాహక్కు చట్టం ప్రకారం తల్లిదండ్రులతో కమిటీలు ఉన్నాయి, ఆ ఎన్నిక జరిగే రోజు పిల్లల్ని కూర్చోబెట్టి చూపించినా చాలు, సగం సివిక్స్ అక్కడే వచ్చేస్తుంది. ప్రైవేటు బళ్లలో ఆ కమిటీ కూడా లేదు.

టీచర్లని నేను తప్పు పట్టడం లేదు. మా అమ్మాయి సోషల్ మేడంకి ఇవన్నీ చేయాలని ఎంతో ఉంది, పిల్లల్ని ఒకసారి తొట్లకొండ బౌద్ధారామానికి తీసుకెళ్తానంటే సిలబస్ అవదని మేనేజ్‌మెంట్ వాళ్లు వద్దన్నారట. అందుకే ఇది ఒక టీచరు ఇష్టానికి వదలకుండా విద్యాశాఖే చెప్పాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి నెలకి ఒక్క రోజు పుస్తకం మూసి ఊళ్లోకి తీసుకెళ్లమనాలి, ఏడాదిలో ఒక్క నిజమైన అర్జీ అయినా రాయించమనాలి, దానికీ మార్కులు వేయాలి. మార్కులు లేకపోతే మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు, నాతో సహా.

1966లో రోడ్డెక్కిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి ఇప్పుడు ఎనభై దగ్గర పడింది. నవంబర్ 1 అంటే 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తేదీ కూడా. ఈసారి ఆ రోజున ప్రతి స్కూలూ తమ పేటలో అలాంటి పెద్దవాళ్లని వెతికి పిలిచి, మైకు వాళ్ల చేతికిచ్చి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలని కోరుతున్నాను.

— ఒక విద్యార్థిని తల్లి, విశాఖపట్నం