తమ్మీ, బ్యాటరీ కొనకముందు ఇవి చూడు

తమ్మీ,

లాప్‌టాప్ చార్జింగ్ ఎక్కట్లేదని, కొత్త బ్యాటరీ కావాలని నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. బాపుతో కూడా మాట్లాడాను, రిపేరు కొట్టతను చేతిలో పట్టుకుని చూసి మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) పోయిందన్నాడని చాలా టెన్షన్ పడుతున్నాడు. లోపల విప్పి చూడకుండా, మీటర్ పెట్టకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. అందుకే ఫోన్‌లో కాకుండా ఇట్లా రాస్తున్నాను, పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చెయ్.

అన్నిటికంటే ముందు నీ ప్రాజెక్టు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించు. ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు పక్కనే ఉన్నా గాలిదుమారం లేస్తే మన గోదావరిఖనిలో కరెంటు పోతుంది, బ్యాటరీ పట్టుకోని లాప్‌టాప్ ఆ క్షణమే ఆగిపోతుంది. రిపేరు రేపైనా చేయించుకోవచ్చు, ఈ ఫైళ్లు మాత్రం ఈ రోజే భద్రం చెయ్.

తర్వాత లాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి మూలలు వేలితో నొక్కి చూడు. ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుందా, మూత సరిగ్గా పడటం లేదా? వీటిలో ఒక్కటి కనిపించినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అప్పుడు కింద రాసినవేవీ చెయ్యకు. చార్జర్ తీసెయ్, ఆఫ్ చెయ్, బొంతలకూ పరుపుకూ దూరంగా గచ్చు మీద పెట్టి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లు. నొక్కి సర్దాలని చూడొద్దు, సూదితో గాలి తీద్దామని అసలే చూడొద్దు. ఆ ఉబ్బు లోపల ఉన్న వాయువులకు మంట అంటుకునే గుణం ఉంటుంది, పొర చిరిగితే బ్యాటరీ దానికదే కాలిపోవచ్చు. నేను నాలుగుసార్లు చెప్పినట్టు అనుకో, అమ్మకు కూడా చెప్పు.

ఉబ్బు లేదంటే ఇక చార్జర్ సంగతి. స్నేహితుడి చార్జర్ పెట్టినా ఎక్కలేదు కాబట్టి బ్యాటరీదే తప్పు అన్నావు, కానీ అతని అడాప్టర్ ఎన్ని వాట్లదో చూశావా? దాని మీద అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది. మనది 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు, రెండూ గుణిస్తే 65 వాట్లు. 45 వాట్లది పెడితే లాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీకి మిగలదు, కొన్ని మోడళ్లయితే చార్జింగే ఆపేస్తాయి. ఇంకో సంగతి, మన చార్జర్ గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూది లాంటిది ఉంటుంది, చూడు. కరెంటు దాని చుట్టూ ఉన్న లోహం నుంచి వెళ్తుంది, ఆ సూది మాత్రం 'నేను ఈ కంపెనీ చార్జర్‌ను, ఇన్ని వాట్లు ఇవ్వగలను' అని లాప్‌టాప్‌కు చెప్పడానికి. అది వంగినా, విరిగినా, దాని సన్నటి వైరు అడాప్టర్ దగ్గర లోపల తెగినా లాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, లైట్ వెలుగుతుంది, చార్జింగ్ మాత్రం ఎక్కదు. కాబట్టి 'లాప్‌టాప్ నడుస్తోంది కదా, చార్జర్ బాగానే ఉంది' అనుకోవద్దు. మన మోడల్‌దే, అదే వాట్లది, కాలేజీలో ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో అడిగి ఒక గంట పెట్టి చూడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కాకుండా గోడకున్న ప్లగ్‌లోనే పెట్టు. చార్జింగ్ పిన్ లూజుగా ఊగుతుంటే అది కూడా రాసి పంపు, ఆ జాక్ ఒక్కటే మార్చవచ్చు, బోర్డు మొత్తం మార్చాల్సిన పని ఉండదు.

నువ్వు చెప్పినదాంట్లో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది వేరే ఉంది. పొద్దున పెడితే కొంత ఎక్కుతోంది, మధ్యాహ్నం మాత్రం 37 శాతం దగ్గర ఆగిపోయి 'ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్' అని వస్తోంది అన్నావు. నువ్వు కూర్చునేది పైన రేకుల గదిలో, అది కూడా మే నెలలో, మన దగ్గర 45 డిగ్రీలు వచ్చే రోజుల్లో! లిథియం అయాన్ సెల్ సాధారణంగా 45 డిగ్రీల వరకే చార్జ్ తీసుకోవాలి. అందుకని బ్యాటరీ లోపలే వేడిని కొలిచే సెన్సర్ పెడతారు, హద్దు దాటితే లోపలి సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది. (సున్నా కంటే కిందికి పోయినా ఇంతే, ఆ చలిలో చార్జ్ చేస్తే లిథియం లోపల లోహంలా పేరుకుని సెల్ పాడవుతుంది.) గదే 42 ఉంటే, నువ్వు మంచం మీద బొంత పరిచి దాని మీద లాప్‌టాప్ పెట్టి కోడ్ రన్ చేస్తుంటే, లోపల ఎంత ఉంటుందో ఆలోచించు. పైగా మన ఊరి బొగ్గు దుమ్ము ఫ్యాన్ జాలీని మూసేసి ఉంటుంది.

దీన్ని తేల్చుకోవడం తేలిక. పూర్తిగా ఆఫ్ చేసి కింది హాల్లోకి తెచ్చి, కూలర్ తడిగాలి నేరుగా తగలకుండా ఒక అరగంట ఉంచు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, లోపల తేమ పట్టి అసలుకే మోసం. చల్లబడ్డాక ఆఫ్‌లోనే ఉంచి చార్జింగ్ పెట్టి గంట తర్వాత చూడు. ఎక్కితే నీకు కావలసింది బ్యాటరీ కాదు, ఫ్యాన్ శుభ్రం చేయించి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత) మార్పించడం, ఎండలు తగ్గేదాకా కింద కూర్చుని చదువుకోవడం.

అప్పటికీ ఎక్కకపోతే చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టి, మళ్లీ చార్జర్ పెట్టి ఆన్ చెయ్. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీల కింద ఉన్న ఏసీపీఐ బ్యాటరీ అనే డ్రైవర్‌ను (విండోస్ బ్యాటరీతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని తిరిగి పెట్టుకుంటుంది. 60 దగ్గరో 80 దగ్గరో ఆగితే అది బ్యాటరీని కాపాడే సెట్టింగ్ అయ్యుండేది, నీది 37 కాబట్టి దాన్ని వదిలెయ్.

ఇక అసలు పరీక్ష. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్ సీ ఎఫ్ జీ కలిపి కొట్టు, ఒక స్పేస్ ఇవ్వు, స్లాష్ పెట్టి బ్యాటరీ రిపోర్ట్ అని ఖాళీ లేకుండా కొట్టు (powercfg /batteryreport). ఒక ఫైల్ తయారై ఎక్కడుందో చూపిస్తుంది, బ్రౌజర్‌లో తెరువు. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు పట్టేది), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) అని రెండు అంకెలుంటాయి. మొదటిది 42,000 మిల్లీవాట్ అవర్లు ఉండి రెండోది 20,000కి పడిపోతే బ్యాటరీ నిజంగానే అయిపోయినట్టు. సొట్టలు పడ్డ బిందె నిండినట్టే కనిపిస్తుంది గానీ నీళ్లు తక్కువ పడతాయి కదా, ఇదీ అంతే, 100 శాతం చూపిస్తూనే గంటలో అయిపోతుంది. నేను వాడి నీకిచ్చిన లాప్‌టాప్ కాబట్టి అట్లా ఉన్నా ఆశ్చర్యపోను.

ఇక్కడ జర్మనీ నుంచి బ్యాటరీ పంపమన్నావు. విడి లిథియం బ్యాటరీని మామూలు పార్సిల్‌లో వేసి పంపనివ్వరు. ఎవరైనా విమానంలో తెచ్చినా చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, 100 వాట్ అవర్ల లోపుది చేతి సంచిలోనే తేవాలి. పైగా తెచ్చాక అది సరిపోకపోతే ఎవరు మారుస్తారు? అక్కడే కొను, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో, బిల్లుతో. పాత బ్యాటరీ మీదున్న పార్ట్ నంబరు, వోల్టేజీ రెండూ కొత్తదానితో కలవాలి. 11.4 వోల్టుల చోట 7.6ది ఇస్తామంటే తీసుకోకు. పాతది సర్వీస్ సెంటర్‌కే ఇచ్చెయ్, పాత సామాను కొనేవాళ్లకు వెయ్యొద్దు, వాళ్లు సుత్తితో పగలగొడతారు. బ్యాటరీ వ్యర్థాల మీద 2022లో మన దేశంలోనూ నియమాలు వచ్చాయి, పాతవి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే. ఇక్కడ జర్మనీలో అయితే సూపర్‌మార్కెట్లోనే పాత బ్యాటరీలు వేసే డబ్బా ఉంటుంది.

ఆ రెండు అంకెలు, అడాప్టర్ మీది లేబుల్, లాప్‌టాప్ అడుగు భాగం ఫోటో ఈ రాత్రికే పంపు. మీకు పది అయితే నాకు ఆరున్నర, పని నుంచి వచ్చేసి ఉంటాను. బ్యాటరీయే అని తేలితే డబ్బు నేను వేస్తాను, బాపును చిట్టీ డబ్బు ముట్టుకోవద్దని చెప్పు. అప్పటిదాకా ఆ కొట్టుకు మళ్లీ తీసుకెళ్లకు.

మీ అక్క,
మాగ్డెబర్గ్