రేడియేషన్ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి
రొమ్ము క్యాన్సర్ గడ్డ తీసిన చోటే లోపలి నుంచి రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ అనే పద్ధతి ఉందని మన దగ్గర చాలామంది రోగులకు తెలియనే తెలియదు. మా పిన్ని శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి విశాఖకు మూడు వారాలు, యంత్రంతో ఒంటి బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ కోసం తిరిగింది, ఆపరేషన్ వార్డులో ఆమె పక్క మంచం ఆవిడైతే ఈ తిరుగుడు నావల్ల కాదని రొమ్ము మొత్తం తీయించేసుకుంది, అది విని కడుపు తరుక్కుపోయింది. సన్నని గొట్టాల ద్వారా, సాధారణంగా రోజుకు రెండుసార్లు చొప్పున 5 రోజుల్లో ముగించే ఈ చికిత్స అందరికీ పనికిరాదు, నిజమే, ముఖ్యంగా 50 ఏళ్లు దాటి, గడ్డ చిన్నదై, చంకలోని గ్రంథులకు పాకనివాళ్లకే. తగినవాళ్లకైనా చెప్పాలి కదా! ఆపరేషన్ తేదీ ఇవ్వకముందే సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఇద్దరూ రోగితో కూర్చుని మాట్లాడాలి, అలా మాట్లాడారని రోగి సంతకం ఉంటేనే ఎన్టీఆర్ వైద్య సేవలో ఆ ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వాలి.
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా