శ్రోతల సంఘం వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాదికోసారి కార్యదర్శి నివేదిక చదవాలి, సభ్యులు వినాలి. వినడం మన సంఘం పనే కనుక రెండో భాగం గురించి నాకు బెంగ లేదు. ఆశయాలు మళ్లీ ఏకరువు పెట్టను. పాడేవాళ్ల సభలు చాలా ఉన్నాయి, మనది వినేవాళ్ల సంఘం. నెలకోసారి కలుస్తాం, ఎవరు ఏం వింటున్నారో మిగతావారికి వినిపిస్తారు. ఈ ఏడు ఏ నెలా తప్పలేదు. హాలు తాళం దొరకని నెలలో వరండాలో కూర్చుని విన్నాం.

ముందు కృతజ్ఞతలు. చివర్లో పెడితే అప్పటికి సగంమంది లేచి వెళ్లిపోయి ఉంటారు. అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేయించిన అధ్యక్షులవారికి, సభ్యులకు ఫోన్లు చేసి గుర్తు చేసిన ఉపాధ్యక్షురాలు గారికి, రసీదు పుస్తకం ప్రాణంలా చూసుకున్న కోశాధికారి గారికి నమస్కారాలు. స్పీకర్లు, ఆంప్లిఫయరు ఆటోలో తెచ్చి, మళ్లీ ఆటోలోనే తీసుకెళ్లిన సహాయ కార్యదర్శికి ప్రత్యేకంగా. ఎప్పుడు చూసినా ఎడమ స్పీకరు వైరు ఊడే ఉండేది. ఎవరు పీకుతున్నారో ఏడాదంతా తేలలేదు. మంచినీళ్లు, టీ చూసుకున్నవారికి, చెప్పులు సర్దిన పిల్లలకు, తమ ఇంటి పాత రికార్డులు నమ్మి మన చేతుల్లో పెట్టినవారికి సంఘం రుణపడి ఉంది.

గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టిన ‘ఇప్పుడు వింటున్నవి’ పుస్తకం ఈ ఏడే మొదలైంది. పాడింది ఎవరు, రాగమేది, పక్కవాద్యం ఎవరు, ఎందుకు నచ్చింది అన్నవి రాయాలని మొదటి పేజీలోనే పెట్టాం. చాలామంది శ్రద్ధగా రాశారు. గాయకులు వోలేటి వెంకటేశ్వర్లు గారి ఆలాపనలో హిందుస్తానీ గాలి ఎక్కడెక్కడ తగులుతుందో ఒకరు పేజీ నిండా రాశారు. ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా గారి నాదస్వరం పొద్దున నడకలో వింటున్నానని, నడక ఆగిపోతోందని ఒక సభ్యురాలు రాశారు. ఒక పెద్దాయన మటుకు ప్రతి నెలా ఒకటే మాట: ‘మళ్లీ ద్వారం వారే.’ ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ కమాను మీద ఆయనకున్న ప్రేమను తప్పు పట్టలేం గానీ, ఏ రాగమో కూడా రాస్తే వినాలనుకున్నవాళ్లకి పనికొస్తుంది. ఇంకొందరు ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టారు. ఏది బాగుందో వారికే తెలియాలి.

నెలవారీ సమావేశాల్లో కొన్నింటిని ప్రస్తావించాలి. ముఖారి రాగం పెట్టుకున్న నెలలో మంచి గొడవ జరిగింది. ఎవరైనా అదేపనిగా తన కష్టాలు చెప్పుకుంటుంటే ముఖారి తీస్తున్నాడంటాం కదా, అది ఏడుపు రాగమన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఒక సభ్యురాలు త్యాగరాజ స్వామి ‘ఎంతని నే వర్ణింతునే శబరి భాగ్యము’ వినిపించి, ఇందులో ఏడుపెక్కడుందో చూపించండి అన్నారు. శబరి అదృష్టాన్ని తలుచుకుని మురిసిపోయే కృతి అది. అక్కడినుంచి మాట దానికి దగ్గరి పోలికలున్న భైరవి మీదికి మళ్లింది. ముఖారిలో స్వరాలు పైకి ఎక్కేటప్పుడు గాంధారం (గ) ఉండదు, భైరవిలో ఉంటుంది. అది తెలిసినవాళ్లు కూడా ఒక పాత ఆలాపన దగ్గర బోల్తా పడ్డారు. వాద్యం నేర్చుకుంటున్న ఒక కుర్రాడు ‘రి మ ప’ అని సన్నగా అనేసరికి పెద్దలు సర్దుకున్నారు.

త్యాగరాజ ఆరాధన రోజులకు ఆయన పంచరత్న కృతులు రికార్డుల్లో విన్నాం. నాట, గౌళ, ఆరభి, శ్రీ రాగాలవి అందరికీ వచ్చినవే, చాలామంది వెంట పాడారు. వరాళి రాగం దగ్గరికి వచ్చేసరికి హాల్లో గొంతులు పలచబడ్డాయి. వరాళి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందన్న నమ్మకం ఒకటుంది కదా, ‘మా గురువుగారు నేర్పలేదు, పక్కవాళ్లని విని పట్టుకోమన్నారు’ అని ఒకరు చెప్పారు. నేర్పడానికి భయమేమో గానీ వినడానికి ఏ అడ్డూ లేదు కనుక దాన్నే రెండుసార్లు పెట్టించాను.

ఇంజనీరింగ్ చదువుతున్న మన చిన్న సభ్యురాలు పాశ్చాత్య స్వరకర్త బాఖ్ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కోసం రాసిన సూట్లలో మొదటిది తెచ్చింది. 1936 నుంచి 1939 మధ్య చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ రికార్డు చేసినవి. ‘తంబురా ఏదమ్మా?’ అని ముందు వరసలోంచి ఒకాయన నిలదీశారు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా మొదటినుంచి మళ్లీ పెట్టింది. రెండోసారి ఆయనే చెయ్యెత్తి, అడుగున మీటకుండా వదలని స్వరం ఒకటుంది, అదే శ్రుతి అన్నారు. ఆ సూటు మొదటి భాగంలో కింది స్వరం నిజంగానే పదేపదే మోగుతుంది. ఆ నెల పుస్తకంలో బాఖ్ పేరు ఇంకొందరు రాశారు. ద్వారం వారి అభిమాని రాయలేదు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది గ్రామఫోన్ సాయంత్రం. ఒక సభ్యుడు తాతగారి నాటి కీ ఇచ్చే గ్రామఫోనును బాగు చేయించి తెచ్చారు. పేరు చెప్పొద్దన్నారు కనుక చెప్పడం లేదు. లక్కతో చేసిన ప్లేట్లు, నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు, ఒక వైపు పాట మామూలుగా మూడు, మూడున్నర నిమిషాలకు మించదు. గంట కచేరి పాడే విద్వాంసులు అందులో ఎలా ఒదిగారన్నదే ఆనాటి విషయం. ఆలాపన ఒక్క ఊపిరిలో తేల్చేస్తారు. ఒక చరణం పాడితే పాడతారు, లేకపోతే లేదు. స్వరకల్పన తాళం నాలుగు ఆవర్తాలు (చుట్లు) దాటదు. అయినా రాగం మొహం పాట మొదటి పంక్తిలోనే కనిపిస్తుంది. ఈ రోజుల్లో అరగంట ఆలాపన చేసి కూడా కనిపించనివ్వని కచేరీలు ఉన్నాయి (ఎవరివో చెప్పను, మనలో కొందరికి అభిమాన విద్వాంసులు).

1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడిన రికార్డు కథతో మొదలుపెట్టాం. పాట చివర ఆమె తన పేరు తనే చెబుతుంది. ప్లేట్లు జర్మనీలో అచ్చవ్వాలి, అక్కడివాళ్లకు పాడిందెవరో తెలియాలి, అందుకే అంటారు. 1925 ప్రాంతంలో మైకులు వచ్చేదాకా గాయకులు రికార్డింగు యంత్రం బాకాలోకి పాడవలసిందే. ఆ సంగతి విన్నాక పాత గొంతుల్లోని ఆ గట్టిదనం ఎక్కడిదో కొత్తవాళ్లకి అర్థమైంది. తరువాత వీణ ధనమ్మాళ్ 1930లలో ఇచ్చిన రికార్డుల కాపీ వినిపించాం. ప్లేటు దొరకలేదు.

ఆ తర్వాత పెట్టిన ఒక ప్లేటుకి అంచునుంచి సన్నటి బీట ఉంది. చుట్టుకోసారి ముల్లు దాని మీద టక్కుమంటోంది. పాట ఆది తాళంలో, టక్కు దాని తాళంలో. పిల్లలు ముందు నవ్వారు. మృదంగం నేర్చుకుంటున్న అబ్బాయి ఆ టక్కుని కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎన్ని ఆవర్తాలకి రెండూ కలుస్తాయో పట్టుకోవాలని చూశాడు. ఇంతలో స్ప్రింగు బిగి తగ్గి శ్రుతి మెల్లగా దిగిపోయింది, లెక్క చెడింది. కీ ఇచ్చేసరికి మళ్లీ ఎక్కింది. దాంతో విద్వాంసుడు నిజంగా నాలుగున్నర శ్రుతికి (అంత ఎత్తున) పాడాడా, మన యంత్రం వేగంగా తిరుగుతోందా అన్న వాదన లేచింది. హాలు తాళం వేశాక మెట్ల మీద కూడా అది ఆగలేదని విన్నాను. ఇంతమంది ఎన్నడూ రాలేదు, కుర్చీలు చాలక చాపలు పరిచాం.

ఆ సాయంత్రానికి ముఖ్య అతిథిగా వస్తామన్న అధికారి ఒకరు రాలేదు. ఆహ్వానపత్రంలో ఆయన పేరు, హోదా ఆయన చెప్పినట్టే అచ్చు వేశాం. ఆయన కోసం ఆగి కార్యక్రమం ఆలస్యం చేశాం. ఫోను చేస్తే మోగింది, ఆయన తీయలేదు. ఆయన కోసం కొన్న శాలువా గ్రామఫోను తెచ్చిన సభ్యుడికి కప్పాం, తగిన భుజాల మీదే పడింది. హాలు అనుమతి ఇచ్చే కార్యాలయం సంగతి కూడా రికార్డు కావాలి. ప్రతి నెలా కొత్త దరఖాస్తు కావాలంటారు, పాతది ఫైల్లో కనబడటం లేదంటారు. ఏడాదికి ఒకే అనుమతి ఇవ్వమని రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

క్యాసెట్ల డిజిటైజేషన్ ముందుకు సాగలేదు. దాతలు ఇచ్చిన డబ్బాలు మా ఇంట్లో అటక మీద ఉన్నాయి. తొంభై నిమిషాల క్యాసెట్టుకి తొంభై నిమిషాలూ కూర్చోవలసిందే, దానికి దగ్గరి దారి లేదు. పైగా ఒకదాని మీద ‘మంచి కచేరి’ అని మాత్రమే రాసి ఉంది. విన్నాం, నిజంగానే మంచి కచేరి. పాడిందెవరో తేల్చుకోవడానికి నలుగురు కూర్చుని ముగ్గురి పేర్లు చెప్పారు. గత సర్వసభ్య సమావేశంలో ఈ పనికి చేతులెత్తినవారి పేర్లు మినిట్స్‌లో ఉన్నాయి. చదవను, వారికి తెలుసు. వచ్చింది ఇద్దరు, అందులో ఒకరు మా ఆవిడ. క్యాసెట్లకు పట్టే బూజు మనకోసం ఆగదని మాత్రం మనవి.

వాట్సాప్ గ్రూపు గురించి రెండు మాటలు. తాము వినని లింకు పంపకండి. ‘అద్భుతం’ అని పంపినవారిని ఏ రాగమని అడిగితే ‘ఇంకా వినలేదండీ’ అన్న జవాబు ఒకటి కాదు, చాలా వచ్చాయి. శుభోదయాలు, పూల బొమ్మలు వేరే గ్రూపులకు పంపగలరు.

లెక్కలు: ఆదాయ వ్యయ పత్రం ఆడిటరు సంతకంతో అందరికీ ముందే చేరింది. ఖర్చు ఆదాయంలోపే ఉంది, అప్పులు లేవు. గ్రామఫోను ముళ్లకు ఎక్కువైందని ఒకరు అడిగారు, ప్లేటు అరిగిపోకూడదంటే ముల్లు తరచూ మార్చక తప్పదు. చందా బకాయిల జాబితా కోశాధికారి గారి దగ్గర ఉంది, టీ విరామంలో ఆయనే మీ దగ్గరికి వస్తారు.

అజెండాలో తర్వాతి అంశం ఎన్నికలు. కార్యదర్శి పదవికి ఇంతవరకూ నామినేషన్ రాలేదు. ఫారాలు నా దగ్గరే ఉన్నాయి, పెన్ను కూడా ఇస్తాను. వచ్చే నెల సమావేశం భైరవి మీద. వినిపించదలచినవారు పెన్‌డ్రైవ్‌లో ఒక్కటే తీసుకురండి, పాడినవారి పేరు, పక్కవాద్యాల పేర్లు చీటీ మీద రాసుకుని రండి. స్పీకరు వైరు ముట్టుకోకండి.

ఇట్లు,
కార్యదర్శి