ఐదు కన్నుల్లో రెండు

నిన్న పొద్దున నాన్న గులాబీ పూసింది. పసుపు రేకులు, అంచుల్లో లేత గులాబీ రంగు. అదే పువ్వు. ఫొటో అడిగినవాళ్లకి ఎవరిది వాళ్లకి పంపేశాను గానీ, ఆ మొక్కని బతికించినవాళ్లకి థాంక్స్ మాత్రం అలా చాటుగా చెప్పేస్తే నాకే బావుండలేదు. అందుకే అందరిముందూ చెప్తున్నాను.

నాన్న పోయి పధ్నాలుగు నెలలు. ఆయన పెంచిన మిగతా మొక్కలన్నీ మాతో పని లేకుండా వాటి మానాన అవి పూస్తున్నాయి. గులాబీ ఒక్కటే అలిగింది. కొమ్మ చివర నల్లబడటం, ఆ నలుపు మెల్లగా కిందికి దిగటం, కొమ్మ ఎండిపోవటం. ఒకదాని తర్వాత ఒకటి. తప్పు నాదే. నాన్నలా చేస్తున్నాననుకుని తుప్పు పట్టిన కత్తెరతో ఎక్కడ పడితే అక్కడ కత్తిరించాను. కోసిన చోట మందు రాయాలన్న సంగతి కూడా తెలీదు. ఎండు తెగులు ఆ గాయాల్లోంచే పట్టింది. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ మొక్కని అమ్మ గులాబీ అనదు. "మీ నాన్నగారికి నీళ్లు పోశావా?" అంటుంది.

అలాంటి రోజుల్లో మొదలు దగ్గర నాలుగు పిలకలు లేచాయి. నిగనిగలాడుతూ వారానికి జానెడు పెరిగాయి. నా సంతోషం చూడాలి! జర్మనీలో హిల్డెస్‌హైమ్ చర్చి గోడకి పాకిన పాత గులాబీ ఒకటుంది. 1945 మార్చిలో బాంబులు పడి చర్చి కూలిపోయింది, మొక్క మాడిపోయింది. అయినా శిథిలాల కింద వేళ్లు బతికే ఉండి మళ్లీ చిగురు వేసింది. ఎప్పుడో చదివిన ఆ సంగతి కూడా జోడించి, నాన్న తిరిగొచ్చారని ఫొటో పెట్టి ఊరంతా చాటాను.

అప్పుడు ఒకావిడ నాకు రాశారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. నా ఉత్సాహం మీద నీళ్లు చల్లకుండా ఒకే ఒక ప్రశ్న అడిగారు: "అంటు కట్టిన ముడి ఎక్కడుందో చూడండి. పిలకలు దానికి పైన వచ్చాయా, కింద వచ్చాయా?" వేలితో మట్టి తోడి చూశాను. కిందే. నాలుగుకి నాలుగూ. ఆవిడకి ఫొటో చూడగానే తెలిసిపోయి ఉంటుంది. అయినా నా చేతే చూడనిచ్చారు. హిల్డెస్‌హైమ్‌ది సొంత వేళ్ల మీద పెరిగిన అడవి గులాబీ, అందుకే వేరు నుంచి అదే మొక్క లేచింది. మాది అంటు మొక్క. వేళ్లు ఒకదానివి, పువ్వు ఇంకొకదానిది. నేను నాన్న అనుకుని మురిసిపోయింది అడుగు మొక్కని చూసి. వదిలేస్తే దానికి గుత్తులుగా ఏవో చిన్న తెల్లపూలు వస్తాయట.

వెంటనే పీకి పారేద్దామని లేచాను. "కోపంతో పీకేయకండి, వాటితో పనుంది" అన్నారావిడ. ఆ మాటే మా గులాబీని నిలబెట్టింది.

ఆవిడ చెప్తేనే అంటు కట్టే మాస్టారు మా ఇంటికి వచ్చారు. రెండు రోజుల ముందు నుంచి పిలకలకి బాగా నీళ్లు పెట్టమన్నారు, బెరడు సులువుగా లేవాలని. వచ్చేసరికి మొత్తం మొక్కలో పచ్చగా మిగిలింది ఒకే కొమ్మ, దాని మీద ఐదు కన్నులు, అంటే ఆకు మొదట్లో చిగురు లేచే మొగ్గలు. అది కోస్తే నాన్న మొక్కలో ఇంక పచ్చదనమే ఉండదు. కోయకపోతే నలుపు దాన్లోకీ దిగుతుంది. నాకు చెయ్యి ఆడలేదు. అమ్మే "కోయండి మాస్టారూ" అంది.

ఆయన ఆకుల్ని కత్తిరించి, ఒక్కో కన్ను కింద తొడిమె ముక్క మాత్రం ఉంచారు. పట్టుకోవటానికి అదే పిడి అట. బొటనవేలి గోరంత కత్తిమొనతో కన్నుని బెరడుతో సహా డాలు ఆకారంలో చెక్కి తీశారు. పిలక మీద ఇంగ్లిష్ టీ అక్షరంలా గాటు పెట్టి, రెండు వైపులా బెరడు తెరిచి, కన్నుని అందులోకి జార్చి, కన్ను మాత్రం బయటికి కనబడేలా టేపు చుట్టారు. ఒక్కోదానికి నిండా రెండు నిమిషాలు పట్టలేదు. మాట్లాడుతూనే చేశారు. "విత్తనం నుంచి వస్తే పిల్ల అమ్మా. కన్ను నుంచి వస్తే అదే మొక్క" అన్నారు. అమ్మ ఆ మాట ఆ సాయంత్రం నాతో మూడుసార్లు చెప్పింది.

మూడు వారాలు ఆగాలి. ఈ మధ్యలో మేం ఎనిమిది రోజులు ఇంట్లో లేం. ఆ రోజుల్లో రోజూ వచ్చి నీళ్లు పోసి, అడక్కుండానే ఐదు కన్నులకీ ఫొటోలు తీసి పంపిన పక్కింటి కుర్రాడికి థాంక్స్. ఒకరోజు ఫొటో బదులు "అన్నా, రెండోది నల్లబడింది, నేనేం చెయ్యలేదు" అని మెసేజ్ పెట్టాడు. పాపం, వాడి భయం వాడిది.

పరీక్ష కూడా మాస్టారు చెప్పిందే. తొడిమెని వేలితో తాకితే టక్కున రాలిపోవాలి, అప్పుడు అతుక్కున్నట్టు. ఎండిపోయి, తాకినా రాలకుండా పట్టుకునే ఉంటే పోయినట్టు. రాలితే బతికినట్టు అనే లెక్క వినటానికి విడ్డూరంగానే ఉంటుంది. ఒకటి, రెండు, మూడు రాలలేదు. నాలుగోది నా వేలు సరిగ్గా తగలకముందే పడిపోయింది. ఐదోది అమ్మ తాకింది.

పువ్వు ఫొటో చూసి ఇది పీస్ అనే గులాబీ రకంలా ఉందని చెప్పిందీ ఆవిడే. నాన్న దాన్ని "రెండు రంగులది" అనేవారు, ఆయనకీ పేరు తెలీదు. ఫ్రాన్స్‌లో దాన్ని పుట్టించిన ఫ్రాన్సిస్ మెయాన్ చనిపోయిన తన తల్లి గుర్తుగా ముందు ఆమె పేరే పెట్టాడట. పీస్ అన్నది 1945లో అమెరికాలో పెట్టిన పేరు. రెండో ప్రపంచ యుద్ధం మీదికొస్తోందని కన్నుల కొమ్మల్ని కట్టలు కట్టి ముందే విదేశాలకి పంపేశారట. మా నాన్న మొక్కకి ఎవరి అమ్మ పేరో ఉండటం మా అమ్మకి తెగ నచ్చింది.

మేమూ అదే చేయబోతున్నాం. కొమ్మలు ముదిరాక ఆవిడకి కొన్ని కన్నులు, కుర్రాడి వాళ్లింటికి కొన్ని. ఇంకెవరికైనా కావాలంటే చెప్పండి. ఒక్కచోటే పెట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో చూశాం కదా.

మాస్టారూ, మీరు డబ్బులూ తీసుకోలేదు, మళ్లీ రమ్మంటే "పూశాక వస్తాను" అన్నారు. పూసింది. మీ కత్తి మా కిటికీలోనే ఉంది, అమ్మ తుడిచి పెట్టింది.