గోడలు చెప్పి మనుషుల్ని వదిలేశారు

లండన్‌లోని హోల్బోర్న్ సెయింట్ ఆల్బన్స్ చర్చిపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం కట్టడం గురించి చెప్పి, అక్కడి ఫాదర్లను పూర్తిగా వదిలేసింది. వాస్తుశిల్పి బటర్‌ఫీల్డ్ రూపకల్పన, 1941 బాంబు దాడి, ఆ తర్వాతి పునర్నిర్మాణం, అన్నీ ఉన్నాయి. 1862 నుంచి ఆ చర్చి చుట్టూ ఉన్న మురికివాడను నమ్ముకుని ఉన్న ఫాదర్ మెకానకీ పేరు మాత్రం లేదు. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ అధికారిక ప్రొటెస్టెంట్ చర్చి) ఆరాధనలో క్యాథలిక్‌ల పద్ధతిలో కొవ్వొత్తులు, ధూపం వాడాడని, ప్రభు భోజనపు రొట్టెను పైకెత్తాడని ఆయనను ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిప్పి, చివరికి 1882లో పదవి వదులుకునేలా చేశారు. మన దగ్గర హారతి పళ్లెం ఎత్తినందుకు సమన్లు వస్తే ఎలా ఉంటుందో! 1887లో స్కాట్లాండ్ కొండల్లో మంచులో దారి తప్పి మరణించాడు. ఆయన సహాయకుడు ఆర్థర్ స్టాంటన్ యాభై ఏళ్లు పదోన్నతి లేకుండా అదే చర్చిలో ఉండి 1913లో కన్నుమూశాడు. నిరుడు మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ చర్చి చూశాను. వెంట వచ్చిన గైడ్ కూడా ఇటుకల రంగులే వర్ణించాడు. ఇకపై చర్చి, గుడి, మసీదు ఏదైనా సరే, అలాంటి వ్యాసం పక్కన అక్కడ పనిచేసినవారి వివరాలతో ఒక పెట్టె వేయండి. సెయింట్ ఆల్బన్స్‌తోనే మొదలుపెట్టవచ్చు.

– ఒక పాఠకుడు, గుంటూరు