పిట్టలు గుడ్లు పెట్టే ఇసుకకూ విరామం ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలమనీ, ఆ రెండు నెలలు వదిలేస్తే తర్వాత మనకే నాలుగు చేపలు దక్కుతాయనీ మత్స్యకార పల్లెల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. భృతి డబ్బులు ఆలస్యమైతే గొడవ పడతారు గానీ, అసలు నిషేధమే వద్దనేవాళ్లు మా వైపు తక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే ఒడ్డున, ఇసుక మీద గుడ్లు పెట్టుకునే పిట్టలున్నాయి. వాటికి మాత్రం అలాంటి విరామం లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

పక్షులంటే మనకు జనవరే గుర్తొస్తుంది. సంక్రాంతి సెలవుల్లో కోరంగి మడ అడవుల్లో చెక్కబాట మీద జనం, కొల్లేరులో ఆటపాక గూడబాతుల ఫొటోలు, ఆసియా నీటిపక్షుల గణన, అన్నీ ఆ నెలలోనే. ఫిబ్రవరి దాటితే వలస పక్షులు వెళ్లిపోయాయని పేపర్లో ఒక వార్త వస్తుంది, అంతటితో సరి. నిజానికి మార్చి, ఏప్రిల్ నెలల్లో గోదావరి డెల్టాలో కనబడే పక్షుల సంగతి జనవరి కంటే ఏమాత్రం తీసిపోదు. నన్నడిగితే అదే మంచి కాలం.

కాకినాడ అఖాతంలో ఆటు సమయంలో బయటపడే బురద మీద వాలే సన్నకాళ్ల పిట్టలన్నిటినీ మనం ఉల్లంకి అనే ఒక్క పేరుతో పిలిచేస్తాం. వాటిలో చివర కాస్త కిందికి వంగిన ముక్కుతో కర్లూ శాండ్‌పైపర్ అనే రకం ఉంది. చలికాలమంతా బూడిదరంగులో ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మార్చి నెలాఖరుకు దాని రొమ్ము మీద ఇటుకరంగు ఈకలు అక్కడొకటి ఇక్కడొకటి మొలుస్తాయి. ఏప్రిల్ గడిచే కొద్దీ మెడ దగ్గర్నుంచి పొట్ట దాకా ఎర్రబడుతుంది. ఒకే గుంపులో పూర్తిగా ఎర్రబడినవీ, సగం మారినవీ, ఇంకా బూడిదరంగులోనే ఉన్నవీ కలిసి బురదను పొడుచుకుంటుంటే ఎంతసేపు చూసినా తనివి తీరదు. దాళ్వా (రెండో పంట) కోతలైన చేలల్లో పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ కూడా అంతే. పొట్ట నల్లబడి, వీపు మీద పసుపు చుక్కలు తేలి, డిసెంబరులో చూసిన పిట్ట ఇదేనా అనిపిస్తుంది. కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన మడుగుల దగ్గర మన గుడ్డికొంగ కూడా వీపు మీద ముదురు మెరూన్ రంగు కప్పుకుని నిలబడుతుంది.

కర్లూ శాండ్‌పైపర్లు, గోల్డెన్ ప్లోవర్లు గుడ్లు పెట్టేది ఎక్కడో ఉత్తరాన, సైబీరియా టండ్రాలో. అక్కడిదాకా వెళ్లాలంటే ఇక్కడ ఒళ్లు బాగా కొవ్వు పట్టాలి. ప్రపంచవ్యాప్తంగా అంతరించిపోయే ముప్పున్న పక్షుల జాబితాలో చేరిన గ్రేట్ నాట్ కూడా ఈ అఖాతానికి వస్తుంది. ఇది చిన్నచిన్న గుల్లల్ని పెంకుతో సహా మింగి, లోపలే పిండి చేసుకుంటుంది. మనవాళ్లు బుడిత గుల్లలు ఏరుకునే అఖాతమే దానికీ అన్నం పెడుతోంది. కానీ బురద బయటపడి ఉన్న గంటల్లోనే దాని భోజనం. పోటు వచ్చి నీళ్లు కమ్మేస్తే గుంపంతా ఎత్తయిన ఇసుక మీద చేరి, మళ్లీ నీళ్లు తీసేదాకా కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. ఆ కాసేపూ కుక్కలు వెంటబడినా, కుర్రాళ్లు సరదాకి బైకు తోలినా గుంపంతా లేచి చక్కర్లు కొడుతుంది. తిని కూడబెట్టుకున్నదంతా ఆ పరుగులోనే కరిగిపోతుంది. రోజుకు నాలుగైదుసార్లు ఇలా లేపితే ఆ పిట్ట ప్రయాణానికి సరిపడా ఒళ్లు ఎప్పుడు చేస్తుంది?

వెళ్లిపోయే పిట్టల సంగతి అది. ఇక్కడే గుడ్లు పెట్టే పిట్టల కష్టం ఇంకా ఎక్కువ. లిటిల్ టెర్న్ అనే తెల్లటి చిన్న పిట్ట, ఒడ్డు వెంట పరుగెత్తే కెంటిష్ ప్లోవర్, నది మధ్య మేటల మీద ఉండే స్మాల్ ప్రాటింకోల్, ఇవేవీ పుల్లలతో గూడు కట్టవు. ఇసుకలో అరచెయ్యంత గుంట చేసి రెండు మూడు గుడ్లు పెడతాయి. గుడ్లు ఇసుకరంగులో, మచ్చలతో ఉంటాయి. రెండడుగుల దూరంలో నిలబడ్డా కనబడవు. పొదగడానికి సుమారు మూడు వారాలు. మన ఏప్రిల్ ఎండలో మిట్టమధ్యాహ్నం తల్లి కూర్చునేది గుడ్లకు వేడి ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. మధ్యలో నీళ్ల దగ్గరికి ఎగిరి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. మనం అక్కడే చాప పరుచుకుని అరగంట కూర్చుంటే అది దిగదు, మన తల మీదే అరుస్తూ తిరుగుతుంది. ఈలోగా గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. తొక్కితేనే నష్టమని చాలామంది అనుకుంటారు. దగ్గర్లో ఉన్నా నష్టమే.

నేనడిగేది పెద్ద పనేమీ కాదు. మార్చి మొదలు జూన్ మధ్య దాకా, గూళ్లున్న ఇసుక ముక్కలకు మాత్రం కర్రలు పాతి, తాడు కట్టి, తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. వరదకీ తుఫానుకీ ఇసుక చోటు మారుతుంది కాబట్టి పోయినేడాది హద్దు ఈ ఏడాదికి పనికిరాదు. ఫిబ్రవరి నెలాఖరులో ఎవరైనా నడిచి చూసి గుర్తులు పెట్టాల్సిందే. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లకు కాపలా పెట్టడం అటవీ శాఖకు అలవాటైన పనే. ఆ కాపలా వాళ్లకే పిట్టల గుడ్లు గుర్తుపట్టడం నేర్పితే సగం పని అయిపోతుంది. మిగతా సగానికి వేట నిషేధంలో ఖాళీగా ఉండే మత్స్యకార యువకులున్నారు. ఒడ్డు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రోజు కూలీ ఇచ్చి కాపలా పెట్టుకుంటే నిషేధం రోజుల్లో వాళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి. నదిలో కూడా, గుడ్లున్నాయని తేలిన మేటను ఆ మూడున్నర నెలలు ఇసుక ర్యాంపులకు ఇవ్వకుండా ఆపాలి.

టూరిజం దెబ్బతింటుందని ఎవరైనా అనొచ్చు. అంతర్వేది నుంచి కాకినాడ దాకా అంత పొడవు తీరంలో, అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క వదిలితే ఎవరి వ్యాపారమూ ఆగదు. బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే ఆవిడ బండి జరపమని నేను అనడం లేదు. జీపులు, బైకులు మాత్రం ఇసుక మీదికి ఏ కాలంలోనూ రానివ్వకూడదు. ఇందులో బేరం ఉండకూడదని నా అభిప్రాయం.

చెట్లున్న పార్కుల గురించి ఒక్క మాట. రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువు అడవిలోనైనా, మన పట్టణాల పెద్ద పార్కుల్లోనైనా వసంతంలో కోకిల ఒక్కటే కాదు, ఎండుటాకుల కింద పురుగులు వెతుక్కునే పిట్టలూ ఉంటాయి. ఎండాకాలం మొదట్లో దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లే పొన్నంకి పిట్ట అలాంటిదే. దారిలో ఏ తోట దొరికితే అక్కడ దిగి, ఆకులు తిరగేస్తుంది. నీట్‌గా ఉండాలని ప్రతి ఆకూ ఊడ్చి కుప్పేసి తగలబెడితే దానికి తిండి దొరకదు, మనకు పొగ మిగులుతుంది. నడక దారులు ఊడిస్తే చాలు, చెట్ల మొదళ్లలో రాలిన ఆకు అలాగే ఉంచండి.

కెమెరాలతో తిరిగే మిత్రులకూ ఒక మనవి. గూడు ఎక్కడుందో ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఫోన్లో కూత వినిపించి పిట్టను బయటికి రప్పించకండి. గుడ్ల కాలంలో అది తన సరిహద్దులోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని పొదగడం మానేసి పరుగెత్తుకొస్తుంది.

కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మన తీరం మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గం 30 దేశాలకు సంబంధించింది. 2020 ఫిబ్రవరిలో వలస జీవుల అంతర్జాతీయ సదస్సు గాంధీనగర్‌లో మన దేశమే జరిపింది. ఇంత ఉండి, లెక్క జనవరిలోనే తీసి ఊరుకోవడం బాగాలేదు. ఏప్రిల్‌లోనూ, పోటు వేళ చూసుకుని, కాకినాడ, కోనసీమ జిల్లాలు రెండూ ఒకే రోజు లెక్క తీయాలి. మే రెండో శనివారం ప్రపంచ వలస పక్షుల దినం. బడులకు సెలవులే అయినా కాలేజీ పిల్లల్ని ఒడ్డుకు తీసుకెళ్లొచ్చు. హద్దు కర్రలు మాత్రం మార్చి మొదటివారం దాటకుండా పాతాలి. ఆ తర్వాత పాతడానికి వెళ్లినవాళ్ల కాళ్ల కిందే గుడ్లు పోయే ప్రమాదం ఉంది.

భవదీయుడు,
తాళ్లరేవు మండలం నుంచి ఒక పాఠకుడు